పక్కింటి అంకుల్ రొయ్యల తొట్టె

రెండు వారాల క్రితం, మంగళవారం పొద్దున, మా పక్కింటి అంకుల్ పోయారు. నిద్రలోనే. ఆంటీ తలుపు కొట్టి, "మీ అంకుల్ లేవట్లేదమ్మా, ఓసారి రా" అంది. వెళ్లి చూసి, అంబులెన్సుకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చి తల అడ్డంగా ఊపాక, నా కాళ్లు వాటంతటవే వంటింటి వెనక బట్టలారేసే చోటికి నడిచాయి. అక్కడ ఆయన కట్టిన తొట్టెలో పద్నాలుగు రొయ్యలూ బతికే ఉన్నాయి. వాటిని చూస్తే నాకు కోపం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ వచ్చింది.

ఆ కోపం అర్థం కావాలంటే ముందు నా భయం సంగతి చెప్పాలి. నేను పుట్టు పిరికిదాన్ని. లిఫ్టు కాస్త కుదిపితే ఇష్టదైవాలందరినీ పేరుపేరునా పిలుస్తాను. గ్యాసు కట్టేశానో లేదోనని ట్రైన్ మధ్యలో దిగి, మేముండే యీషున్‌కి తిరిగొచ్చిన రోజులున్నాయి. సైన్స్ పార్క్‌లో నేను చేసే ఉద్యోగం కూడా ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో ఏది ఎప్పుడు కూలుతుందోనని వెతకడమే. పొద్దంతా అక్కడ భయపడి, సాయంత్రం ఇంటికొచ్చి మిగతాది భయపడతాను.

అంకుల్ భీమిలి వైపు మనిషి. కుర్రతనంలో షిప్‌యార్డులో పైపులు బిగించడానికి ఈ దేశం వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి జెట్టీ మీద కూర్చుని గాలం వేయడం. దానికి బతికున్న రొయ్యే ఎరగా కావాలి. "సచ్చిన రొయ్యని సూస్తే సేప కూడా మూతి తిప్పుకుంటాదమ్మా" అనేవారు. దుకాణంలో సంచిలో పోసిచ్చిన రొయ్యలు ఈ ఎండకి జెట్టీ చేరేలోపే సగం తేలిపోయేవి. అందుకని ఇంట్లోనే తొట్టె కట్టారు.

చేపలొచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి, దాని లోపల సరిగ్గా పట్టే ప్లాస్టిక్ టబ్బు. జెట్టీ దగ్గర క్యాన్లతో పట్టి తెచ్చుకున్న సముద్రపు నీళ్లు. నీళ్లు శుభ్రం చేయడానికి ఓ స్పాంజి, గాలి ఊదడానికి చిన్న పంపు, రొయ్యలు దాక్కోవడానికి పాత వలముక్క. మరీ వేడిగా ఉన్న రోజున మూత బిగించిన ఐసు సీసా ఒకటి పైన తేలేలా వదిలేవారు. "రొయ్యకి నీళ్లు ముఖ్యం కాదు తల్లీ, నీళ్లలో గాలి ముఖ్యం" అని నాకు మొదటి పాఠం. సాయంత్రం ఆరింటికి వాటికి చిటికెడు మేత. దానికి ఆయన పెట్టిన పేరు మకాన్ టైమ్, అంటే ఇక్కడివాళ్ల మాటలో తిండి వేళ. ఆ వేళకి నేను ఆఫీసు నుంచి వచ్చి, ఇంట్లో చెప్పులు విడవకుండానే వాళ్ల వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఒకరోజు వలముక్క మీద ఓ రొయ్య కదలకుండా, అద్దంలా తెల్లగా పడుంది. "అంకుల్, ఒకటి పోయింది!" అని నేను వేసిన కేకకి ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. ఆయన తాపీగా వచ్చి, దాన్ని రెండు వేళ్లతో తీసి నా అరచేతిలో పెట్టబోయారు. నేను నాలుగడుగులు వెనక్కి. బతికున్నదాన్నైనా చచ్చినదాన్నైనా చిన్న వలతో తప్ప నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"ఇది పోనేదమ్మా, పాత సొక్కా ఇప్పేసింది. కొత్తది గట్టిపడీదాకా ఆ మూల దాక్కుంటాది. సూడు."

చూశాను. మూలలో మెత్తమెత్తగా ఒకటి నక్కి ఉంది. ఆయన ఆ రోజంతా నా కేకని అనుకరిస్తూ ఆంటీని నవ్వించారు.

ఇంకో అల్లరి కూడా ఉండేది. జెట్టీకి తీసుకెళ్లేటప్పుడు పనికొస్తుందని తొట్టెకి బ్యాటరీ పంపు కూడా అమర్చారు. కరెంటు పోతే అది తనంతట తనే మొదలవుతుంది. నేను తొట్టె మీదికి వంగి చూస్తుండగా ఆయన చెప్పాపెట్టకుండా ప్లగ్గు పీకేసేవారు. పంపు చప్పుడు ఠక్కున ఆగిపోయేది. నా గుండె కూడా. "ఒక్క ఊపిరి ఆగు తల్లీ, ఒక్క ఊపిరి" అనేవారు. నేను ఊపిరి వదిలేలోపు బ్యాటరీ పంపు సన్నగా జుయ్యిమంటూ అందుకునేది. "మనిషి లేకపోయినా పన్చేసీలాగ కట్టాల. లేపోతే అది కట్టడమే కాదు" అని మళ్లీ ప్లగ్గు పెట్టేవారు. ఎన్నిసార్లు చేసినా నేను ప్రతిసారీ భయపడ్డాను.

పోయినేడు ఆయన గుండెకి ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రికి వెళ్లే ముందు తొట్టె నాకు అప్పగించారు. వద్దు మొర్రో అన్నాను. కింద ఫ్లోరులో ఆయనతోపాటు గాలం వేసే స్నేహితుడున్నాడు, అన్నీ తెలిసినవాడు, అతనికివ్వమన్నాను.

"ఆడు ధైర్యవంతుడమ్మా, మర్సిపోతాడు. నువ్వైతే గంటకోపాలి సూస్తావు. భయపడీ సేతులే జాగర్తగా పట్టుకుంటాయి."

నాకున్న లోటుని పనికొచ్చేదిగా చెప్పిన మనిషి నా జీవితంలో ఆయనొక్కరే.

తొట్టె నా చేతికొచ్చిన రోజునుంచే నా మనసులో ఓ ముడి పడింది. ఈ రొయ్యలు బతికితే ఆయన బతుకుతారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆయన నవ్వుతాడు. ఆపరేషన్ రోజు సెలవు పెట్టి ఆ తొట్టె దగ్గరే కుర్చీ వేసుకున్నాను. ఆంటీ ఆసుపత్రిలో ఉంది. ఫోన్ రావడం లేదు. రొయ్యలు ఎందుకో నీరసంగా ఉన్నట్టు తోచింది. తోచిందే తప్ప ఉన్నాయో లేవో ఇప్పటికీ తెలియదు. మా ఇంటికి పరుగెత్తి, దేవుడి గూట్లో ఉన్న తీర్థం సీసా తెచ్చి, దణ్ణం పెట్టుకుని తొట్టెలో పోశాను. కాస్త పోద్దామనుకుని మొత్తం పోసేశాను.

బడి నుంచి వచ్చిన మా అమ్మాయి నన్ను వెతుక్కుంటూ అక్కడికొచ్చి, తొట్టెలోకి తొంగిచూసి, "అమ్మా, దే ఆర్ ఆల్ డెడ్ లా" అంది ఇక్కడి బడి ఇంగ్లీషులో.

తొట్టెలో ఒక్కటి కూడా కదలడం లేదు. ఆయన్ని నేనే చంపేశాననుకున్నాను. నిజంగా అనుకున్నాను. అరగంట తర్వాత ఆంటీ నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి ధైర్యం చాలక మా అమ్మాయికిచ్చాను. ఆపరేషన్ బాగా జరిగింది, అంకుల్ కళ్లు తెరిచారు అని చెప్పింది ఆంటీ.

మర్నాడు నీళ్లన్నీ పారబోసి, టబ్బు కడిగి, క్యాన్లలో మిగిలిన సముద్రపు నీళ్లు నింపి, దుకాణం నుంచి కొత్త రొయ్యలు తెచ్చి వదిలాను. ఎవరికీ చెప్పలేదు. పదిరోజులకి ఆయన ఇంటికొచ్చి, సోఫాలో కూడా కూర్చోకుండా నెమ్మదిగా తొట్టె దగ్గరికే నడిచారు. నేను ఫ్రిజ్ పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాను. ఆయన స్పాంజి తీసి, పిండి, వాసన చూశారు.

"ఏటమ్మా, నా తొట్టిలో గుడి వాసనొస్తంది?"

నాకు ఏడుపొచ్చేసింది. ముడి సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆయన కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని నవ్వారు. నొప్పికి కళ్లనీళ్లు కారుతున్నా ఆపుకోలేక నవ్వారు.

"ఉప్పునీళ్లలో పుట్టినోటికి పచ్చకర్పూరం తాగిస్తావేటి తల్లీ!" తర్వాత కాస్త సర్దుకుని అడిగారు. "అయి సచ్చిపోయిన రోజున నానేటయ్యాను?"

"బతికారు."

"మరింకేటి? ఆటి బతుకు ఆటిది, నా బతుకు నాది. ముడెట్టకు."

కొత్త స్పాంజి నా చేతే కోయించి పెట్టించారు. తర్వాత ఏడాది పాటు, నేను తీర్థం పుచ్చుకుంటుంటే చాలు, "రొయ్యలకేటైనా మిగిల్సావా?" అని అడిగేవారు.

ఇక మొన్నటి పన్నెండో రోజు. అంకుల్ పోయాక ఆంటీ నన్ను అడిగింది ఒక్కటే. "ఆ పంపు చప్పుడు వింటుంటే ఆయన వంటింటి వెనకాల ఏదో చేసుకుంటున్నట్టే ఉందమ్మా. ఈ పన్నెండు రోజులూ ఆగనివ్వకు." నేను రోజుకి పదిసార్లు వెళ్లి చూశాను. మూడు రొయ్యలు పోయాయి, పదకొండు మిగిలాయి. ముడెట్టలేదు. ఎట్టకూడదని ప్రతిసారీ నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది.

పన్నెండో రోజు ఇంటినిండా జనం. వంటింట్లో గారెలకి పప్పు రుబ్బడానికి ఎవరో గ్రైండర్ పట్టుకొచ్చారు. నేను హాల్లో ఆంటీ పక్కన కూర్చుని ఉన్నాను. అంత మాటల సందడిలోనూ పంపు చప్పుడు ఠక్కున ఆగిపోవడం మా ఇద్దరికీ వినిపించింది. ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. నేను ఎలా లేచానో, ఎవరి కాలు తొక్కానో తెలియదు.

వంటింటి గుమ్మం దాటేసరికి సన్నగా జుయ్యిమని వినిపించింది.

"ఈ ప్లగ్గు దేనిదో తెలీలేదండీ, గ్రైండర్‌కని తీశాను" అంటోంది బంధువులావిడ, తప్పు చేసినట్టు ప్లగ్గు చేత్తో పట్టుకుని.

నా వెనకే వచ్చిన ఆంటీ గోడకి ఆనుకుని కాసేపు ఆ చప్పుడు విన్నది. "పర్లేదు, రుబ్బుకోండి. ఆయన బ్యాటరీ పెట్టారు" అంది.

నేను మూత తీసి, వల కోసం చూడకుండా చెయ్యి నీళ్లలో పెట్టాను. వెనక గ్రైండర్ తిరుగుతోంది, నీళ్లలో బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. కాసేపటికి ఒక రొయ్య మూలలోంచి నడుచుకుంటూ వచ్చి నా చూపుడువేలి మీదికెక్కింది. నేను చెయ్యి తీయలేదు.