మా ఇంటి వరస

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను మాట మార్చే రకం. పత్రికలో పనిచేసినన్నాళ్లూ అలాంటి వార్తలు నా బల్ల మీదికి వచ్చేవి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు అని విలేకరిని అడిగితే చాలు, సగం కరిగిపోయేవి. మిగతా సగం నేనే కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది నా బల్ల మీదికి వచ్చినా అదే పని చేసేవాణ్ణి.

మా నాన్నది మదురై. నూలు మిల్లు పనివాడు. నేను పుట్టకముందే పోయాడు. కడుపులో నేనుండగానే అమ్మ నెల్లూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు. నేను నెల్లూరులో పెరిగి, చెన్నైలో ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక, నా భార్య కూడా పోయాక, ఎక్కడ ఉన్నా ఒకటే అనిపించి తిరుమంగళంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నాన్న ఊరికి దగ్గర, అంతే. కొన్ని రోజులు టీకొట్టు అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి.

ఒకసారి మదురైలో నాన్న ఉండిన కాలనీ వెతుక్కుంటూ వెళ్లాను. తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబాలు అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి. వాళ్ల చిన్న చర్చిలో హార్మోనియం లేదు, డోలు లేదు. ఎప్పటివో పాత కీర్తనలు వట్టి గొంతులతోనే పాడతారు, నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు వేర్వేరు వరసల్లో. నాన్న పేరు చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాను.

కొన్నాళ్లకు సారమ్మ అనే పెద్దావిడ ఫోన్ చేసింది. ఆమె భర్త చనిపోయాడు. సమాధి దగ్గర పాడే పాటకు వాళ్లలో ఒక కట్టుబాటు ఉందని అప్పుడే తెలిసింది. ఆ పాటలో ఒక్కో వరస ఒక్కో ఇంటిది. ఒకరిది మరొకరు పాడరు. ఒక ఇంట్లో పాడేవాళ్లు లేకపోతే ఆ వరసను ఖాళీగా వదిలేస్తారు.

ఖాళీ అయినది మా ఇంటి వరస. అసలు రాగం నడిచేది అందులోనే. నాన్న పోయినప్పటి నుంచి అక్కడ పోయినవాళ్లందరినీ రాగం లేని పాటతోనే సాగనంపారు.

"తంబీ, ఆయన నిండు పాటతో పోవాలని ఆశపడినాడు. నువ్వు రా."

నాకు పాటే రాదక్కా, ఆ రాగం మీకు గుర్తుంటే మీరే పాడొచ్చు కదా అన్నాను.

"వింటే తెలుస్తుంది. నోరు తెరిస్తే మా ఇంటి వరసేదా వస్తుంది. నీకి రాకపోతే పోనీ. మీ నైనా నిల్చుకునే తావులో ఒక మనిషైనా ఉండనీ."

వెళ్లాను. సాయంత్రం, ఇంకా మంచి ఎండ. నన్ను శవపెట్టె తల దగ్గర నిలబెట్టారు. నా వెనక సున్నం కొట్టిన ప్రహరీ గోడ. ఎదురుగా సారమ్మ, ఆమె కొడుకు మణి, ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే ఎస్తేరు. సారమ్మ పాడేది ఆమె పుట్టింటి వరస; తండ్రి పాడిన కింది వరస ఆ రోజు నుంచి మణిది. ఆటో నడుపుతాడు.

"ఏం సార్, పేపర్‌లో అంతంత రాసినారు, నాలుగు లైన్లు పాడేకి భయమా?" అన్నాడు నాతో, కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు ముందు మీ నైనా గొంతు సరిగా పట్టు. హారన్ మాదిరి ఉండాది," అంది ఎస్తేరు.

మొదటి చరణం మూడు గొంతులతో సాగింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. రెండో చరణంలో నా కుడి భుజం వెనక నుంచి ఒక మగ గొంతు అందుకుంది. పెద్దది కాదు, కొంచెం బొంగురు. మిగతా మూడూ దాని చుట్టూ సర్దుకున్నాయి. మూడో పాదంలో, ఒక మాట సగంలో ఉండగా, ఆ గొంతు ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ సాగింది. తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు.

ఇటు తిరిగితే ముగ్గురూ పాడుతూనే నన్ను చూస్తున్నారు. సారమ్మ చెంపలు తడిసిపోయాయి, వరస మాత్రం తప్పలేదు.

మట్టి వేశాక దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మాట సగంలో, ఆడనేదా మీ నైనా ఊపిరి తీసుకునేది. మిల్లు దుమ్ము గదా. ఎవరు నేర్పినారు నీకి?"

నేను పాడలేదక్కా అన్నాను.

"సార్, ఎదురుగానే ఉండా. మీ నోరు ఆడింది," అన్నాడు మణి. ఎస్తేరు కూడా అదే చెప్పింది. వెనక నుంచి విన్నది నేనొక్కణ్ణే.

తర్వాత కోయంబత్తూరులో ఒక సంగీతం మాస్టారిని అడిగాను. మూడు వరసలు వింటే నాలుగోది ఊహించవచ్చట, సంగీతం చదువుకున్నవాళ్లు కూర్చుని కట్టుకుంటే. మరి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎలా తెలుస్తుంది అంటే, ఆయన లేచి కాఫీ తెప్పించాడు.

సారమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మొన్న, "నన్ను పూడ్చే దినానికీ వస్తావు గదా తంబీ?" అంది. వస్తానన్నాను.

గదిలో ఒక్కణ్ణే కూర్చుని పాడి చూస్తుంటాను. మణి వరస వస్తుంది, ఎస్తేరుదీ వస్తుంది. మా ఇంటి రాగం మాత్రం మొదటి మాట కూడా రాదు. సారమ్మకు నేను ఎవరి తరఫున మాట ఇచ్చానో నాకే తెలియదు.