ఒడ్డు చూస్తూ నడిపిన ఇంజన్ పడవ

ఆ రోజుల్లో మా ఊళ్లో పడవను కొనడమనేది ఉండేది కాదు, చేయించుకోవడమే ఉండేది. వడ్లాయన వచ్చి, నెలల తరబడి మన ఇంటి అన్నమే తిని, కట్టె చెక్కి, తారు పూసి వెళ్లిపోయాక ఆ పడవ ఇంట్లో పుట్టిన మనిషితో సమానం. మా పడవ నాకంటే ఏడాది పెద్దది, అందుకని దాన్ని నేను అక్క అని పిలిచేదాన్ని. మా అవ్వకు (మా దిక్కు అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు) కోపం వస్తే "మీ అక్కకున్న బుద్ధి నీకు లేదే" అనేది. (నిజమే, అక్క ఎదురు మాట్లాడేది కాదు. కారేది, అంతే.) నందిపేట్ అవతల, డ్యాం నీళ్లు వచ్చి నిలిచే చోట మా ఊరు. బాపు వలలు వేసేవాడు, అవ్వ చేపల గంప పట్టుకుని ఆర్మూర్ అంగడికి పోయేది. నేను పడవలో బాపుకు కళ్లుగా ఉండేదాన్ని.

కళ్లుగా అంటే ఏమిటో చెప్పాలి. తెడ్లు వేసే మనిషి పడవ పోయే వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. అతనికి కనిపించేది వదిలి వచ్చిన ఒడ్డే. బాపు మా ఒడ్డు మీది గంగమ్మ గుడి జెండాను చూస్తూ తెడ్లు వేసేవాడు. జెండా ముక్కుకు నేరుగా ఉంటే దారి సరిగ్గా ఉన్నట్టు. ఎదురుగా పడవ తోక మీద కూర్చుని, ఆయన భుజాల మీదుగా ముందుకు చూస్తూ "బాపూ, మొద్దు ఉన్నది, జర కుడికి", "బాపూ, ఎవలదో వల" అని చెప్పడం నా పని. పదేళ్ల వయసు నుంచి పందొమ్మిది దాకా నేను చేసిన ఉద్యోగం అదొక్కటే. జీతం లేదు కానీ, పొద్దు పొడిచే వేళకు నీళ్ల మీద ఉండటం కంటే పెద్ద జీతం ఆ తల్లి గంగమ్మ ఎవరికైనా ఏమిస్తుంది? నేను బడి గడప తొక్కలేదు. నాయనమ్మ భజన పుస్తకం ముందు పెట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. నేర్చినవి మరిచిపోకుండా ఆర్మూర్ పసుపు యార్డులో బస్తాల మీద అచ్చేసిన పేర్లు చదువుకునేదాన్ని. మా ఇంట్లో అంతకు మించిన పండితులు లేకపోవడం వల్ల, ఏ కాగితం వచ్చినా నేను చదివిందే చదువు.

ఆ ఏడు బాపు కుడి భుజం మొరాయించింది. చెయ్యి పైకి లేవదు, లేస్తే దిగదు. దవాఖానలో డాక్టరమ్మ "ఇంక తెడ్లు పట్టొద్దు" అని చెప్పేసింది. అక్కకు కూడా అప్పటికి ఒళ్లంతా చిల్లులే. బాపు తెడ్డు ఎంత వేసేవాడో నేను నూనె డబ్బాతో నీళ్లు అంత తోడిపోసేదాన్ని. ఇంజన్ పడవ తీసుకుందామని అవ్వ తేల్చేసింది. వెనకాల ఇంజన్ ఉంటుందట, దానికి చెయ్యంత పిడి ఉంటుందట, ఆ పిడి పట్టుకుని ఒక్క మనిషి కూర్చుంటే చాలట. "పిల్లను నా ఎంబడి అంగడికి తోల్కపోత. ఎన్నాళ్లని నీళ్లల్ల తిప్పుతవు దాన్ని? గంప ముందర కూసుంటె నాలుగు మాటలు నేర్సుకుంటది" అంది. ఆ 'ఒక్క మనిషి చాలట' అన్న మాట నా గుండెలో గాలం ముల్లులా దిగింది. కళ్లు ముందుకే ఉన్న మనిషికి వేరే కళ్లెందుకు?

ఒక సోమవారం ముగ్గురం ఆర్మూర్ పోయాం. పసుపు రైతులకు మోటర్లు అమ్మే ఒకాయన (మేము ఆయనను పంపుసెట్ల సారు అనేవాళ్లం) ఎక్కడినుంచో మూడు ప్లాస్టిక్ లాంటి పడవలు తెప్పించి దుకాణం ముందు బోర్లించి పెట్టాడు. నీళ్లకు ఆమడ దూరంలో, దుమ్ములో, యార్డుకు పోయే బస్తాల బండ్ల పక్కన పడవలను చూస్తే నాకే పాపం అనిపించింది. కమ్మర్‌పల్లి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన అప్పటికే వాటిలో ఒకదాన్ని వేళ్లతో కొట్టి చూస్తున్నాడు. "సారూ, గీ కడాయిల ఒక్కపారి ఎంత పసుపు ఉడుకుతది?" అని అడిగాడు. "అది కడాయి కాదు పటేలా, పడవ" అని సారు చెప్పినా ఆయన నమ్మలేదు. "పడవైతె ఈడెందుకుంటది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక నేను మొదలుపెట్టాను. మొదటి పడవ తెల్లగా ఉంది. "తెల్లగుంటె చేపలు బెదురుతయి బాపూ" అన్నాను. (చేపలు పడవను కింది నుంచి చూస్తాయని, కింది నుంచి ఏ పడవైనా నల్లగానే కనిపిస్తుందని తెలిసే అన్నాను. గంగమ్మ క్షమించాలి.) రెండోదానికి ముక్కు మరీ పైకి ఉందని, గర్వం ఉన్న పడవ మనకు అచ్చిరాదని అన్నాను. "పడవకు గర్వమేందే, పోరీ?" అని అవ్వ నా వైపు అదోలా చూసింది. మూడోది ఆకుపచ్చది. బోర్లా ఉన్నదాన్ని తిప్పించి, అవ్వ చెంబు నిండా నీళ్లు పడవ నడుమ పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. చుక్క ఒలకలేదు. (కదలని నేల మీద ఒలకదని చెప్పబోయిన పంపుసెట్ల సారు, అవ్వ ముఖం చూసి ఊరుకున్నాడు.) బాపు పడవ అంచును అరచేత్తో నిమిరాడు. పశువును నిమిరినట్టు ఆయన దేన్నైనా నిమిరితే అది మా ఇంటికి వచ్చేసినట్టే.

"ఒక్కరు సరిపోతరా సారూ?" అని అవ్వ ఆఖరు మాటగా అడిగింది. "బరాబర్ సరిపోతరు! వెనక కూసోవాలె, పిడి పట్టాలె, అంతే. ఫికరే లేదు" అంటూ సారు ఇంజన్‌తో పాటు వచ్చిన పుస్తకం తీసి ఊపాడు. అదంతా ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషులో ఏ అక్షరం తల ఏదో, తోక ఏదో తెలియదు. అయినా నా చెయ్యి దానంతటదే పోయి పుస్తకం లాక్కుంది. మూడు పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, యార్డులో బస్తాలు చదివినంత గట్టిగా చదివాను. "ఈ పడవలో ఎల్లప్పుడూ ఇద్దరు ఉండవలెను. ఒకరు వెనక. ఒకరు ముందర. ముందర కూర్చున్నవారు దారి చూడవలెను."

చదివాక గానీ తట్టలేదు. సారు పుస్తకం అడిగి తీసుకుంటాడు, నేను వేలు పెట్టిన చోట చూస్తాడు, అయిపోయింది నా పని. నిజంగానే తీసుకున్నాడు. కళ్లజోడు సవరించాడు. నేను వేలు పెట్టిన చోటే చాలాసేపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. "ఆ... అవునవును. గట్లనే రాసిన్రు. నేనే చెప్పుడు మరిచిన" అన్నాడు. ఆ క్షణంలో ఆయన కళ్లూ నా కళ్లూ కలిశాయి. మా ఇద్దరి ఇంగ్లీషు చదువు ఒక్కటేనని ఇద్దరికీ అర్థమైంది. లోకంలో చదువుకోనివాళ్లను కూడా దేవుడు ఒకరికొకరు తోడుగా పెడతాడని ఆ రోజే తెలుసుకున్నాను. బాపు పుస్తకం అందుకుని అట్ట మీది బొమ్మ ఒకసారి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

మంచిరోజు చూసి పడవను నీళ్లలో దింపాం. ముక్కుకు పసుపు రాశాం, కుంకుమ పెట్టాం. అవ్వ గంగమ్మ ముందు కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. బాపు ఎడమ చేత్తో ఇంజన్ తాడు గుంజాడు, అది గుర్రుమంది. ఆయన వెనక కూర్చుని పిడి పట్టుకున్నాడు. నేను ముందు కూర్చున్నాను. అప్పుడు మేమిద్దరం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ పూజ మధ్యలో నవ్వొస్తుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ బాపు ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు, జెండా చూసుకుంటూ. తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ నేను బాపు వైపు తిరిగి కూర్చున్నాను. అంటే ఇద్దరమూ ఒడ్డునే చూస్తున్నాం. పడవ మాత్రం ఇంకో దిక్కుకు పోతోంది, దాని దారి దానిదే.

కొంతసేపు మహా ఆనందంగా పోయాం. అంతలో జెండా పక్కకు జరిగింది. బాపు సరిచేయబోయాడు. తెడ్లకు అలవాటైన చెయ్యి పిడిని ఉల్టా గుంజింది. జెండా ఇంకా జరిగింది. ఆయన ఇంకా గుంజాడు. "జెండా ఏది బిడ్డా?" అని అరిచాడు. "కనబడ్తలేదు బాపూ!" అని నేనరిచాను. కనబడకపోవడానికి కారణం అది నా వీపు వెనకకు రావడమే. పడవ అర చుట్టు తిరిగి, వచ్చిన ఒడ్డుకే ముక్కు పెట్టింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఎదురుగా బర్రెలు, మెడ దాకా నీళ్లలో కళ్లు మూసుకుని ఉన్నాయి. "బర్రెలు! బాపూ, బర్రెలు!" బర్రెల ఆసామి ఒడ్డు మీద నుంచి "ఏయ్, బర్రెల మీదికి ఇమానం తోలుతున్రా!" అని గంతులు వేస్తున్నాడు. బర్రెలు ఎంతో మర్యాదగా రెండు వైపులా తొలగి మాకు దారి ఇచ్చాయి. పడవ వాటి మధ్య నుంచి దూసుకుపోయి, బురదలోకి ఎక్కి, అవ్వ కాళ్ల ముందు ఆగింది. అవ్వ చేతిలో కొబ్బరి చిప్పలు అట్లాగే ఉన్నాయి.

"పెసాదం తీసుకోకుంట ఉరికిన్రు. గంగమ్మనే మర్లగొట్టింది" అంది అవ్వ, మా ఇద్దరి నోట్లో చెరో ముక్క పెడుతూ. తరువాత బాపు వైపు తిరిగి, "కాయిదంల ఊకెనే రాస్తరా ఇద్దరుండాలెనని? ఇద్దరుంటెనే గిట్లయింది. ఒక్కనివే పోతె బర్రెల్ల గల్సిపోతుంటివి!" అంది. నా అబద్ధానికి బురదలో ముద్ర పడింది. ఆ తరువాత బాపు వారం రోజులు ముందుకు తిరిగి నడిపి చూశాడు. "ఒడ్డు కనవడకపోతె కడుపుల దేవినట్లయితది బిడ్డా, నాతోని కాదు" అని మళ్లీ జెండా వైపే తిరిగాడు. నేను ముందుకు తిరిగి కూర్చున్నాను. ఇంజన్ మోతలో మాట వినబడదు కాబట్టి, అక్క తెడ్డు ముక్క ఒకటి దగ్గర పెట్టుకుని పడవ అంచు మీద కొట్టేదాన్ని. ఒక దెబ్బ కుడికి, రెండు దెబ్బలు ఎడమకు. పెళ్లయి ఆర్మూర్ వచ్చేదాకా, నాలుగేళ్లు అట్లాగే సాగింది.

పెళ్లికి ముందు రోజు మనసులో అబద్ధం పెట్టుకుని పోలేక బాపుకు చెప్పేశాను. "పుస్తకంల గట్ల లేదు బాపూ. నాకు ఇంగ్లీషు రాదు." బాపు వల అల్లుతూనే ఉన్నాడు. "ఎరుకనే. అట్ట మీద బొమ్మ చూసిన గదా. పడవల ఒక్కడే కూసున్నడు" అన్నాడు. "మరెందుకు ఊకున్నవు?" అన్నాను. "ఆనికి బిడ్డ లేదేమో అనుకున్న" అన్నాడు బాపు, ముడి వేసి దారం కొరుకుతూ.

ఇప్పుడు బాపు లేడు. ఆకుపచ్చ పడవ కూడా ముసలిదైపోయి, బోర్లించి ఉంటే దాని కింద కోళ్లు కాపురం పెట్టాయి. నాకు మాత్రం ఒక్క అలవాటు మిగిలింది. నందిపేట్ నుంచి చేపలు తెచ్చుకోవడానికి పొద్దున్నే షేర్ ఆటో ఎక్కుతాను. ఆటో తోక వైపు, వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఎవరికీ వద్దు, అది నాది. "ఆంటీ, గటు కూసుంటె కడుపుల తిప్పుతది, ముందటికి రా" అంటారు పాపం, మంచి పిల్లలు. వద్దమ్మా అంటాను. తొమ్మిదేళ్లు తోక మీద, నాలుగేళ్లు ముక్కు మీద కూర్చుని ముందుకు చూసింది చాలు, ఇప్పుడు బాపు సీటు నా వంతుకు వచ్చింది. వదిలి వచ్చిన దారి ఎంతసేపు కనిపిస్తే అంతసేపు, గంగమ్మ తల్లికి దండం పెట్టుకుంటూ చూస్తాను. మలుపు వచ్చినప్పుడు నా వేళ్లు ఊరుకోవు, ఆటో కమ్మీ మీద ఒక్క దెబ్బ కొడతాయి. ఆటో కుడికి తిరుగుతుంది. (తిరగాల్సిందే, రోడ్డే అట్లా ఉంది.) నాకు మాత్రం నా వీపు వెనక పిడి పట్టుకుని ఎవరో విన్నట్టే ఉంటుంది.