సాలెపురుగు మోసిన తెల్లని మూట

లింగంపేటలో మా మేనత్త బీడీలు చుడుతుంది. ఒకరోజు ఆమె తునికాకు తట్ట ఎత్తగానే కింద నుంచి ఒక సాలెపురుగు పరుగెత్తింది. దాని వెనక దారంతో చుట్టినట్టు తెల్లని మూట అంటుకుని ఉంది.

"బాణామతి! పక్కింటిదాని పనే అల్లుడా. గింత నున్నగ దారం చుట్టుడు దానికే వస్తది," అంది అత్త.

పక్కింటావిడ కూడా బీడీలే చుట్టి దారం కడుతుంది. భర్త పోయాడు, ఒంటరిది. సాయంత్రం ఊళ్లో నలుగురిని పిలిచి నిలదీస్తానంది అత్త. బాణామతి, చేతబడి అంటూ ఆడవాళ్లను కొట్టే ఆ నలుగురి మీద నాకు ఏ కోశానా నమ్మకం లేదు.

పురుగును సీసాలో పట్టి భూతద్దంతో చూశాను. ముఖం మీద నాలుగు చిన్న కళ్లు, వాటిపైన రెండు పెద్దవి, ఇంకా వెనక మరో రెండు. తోడేలు సాలీడు. నేల మీద తిరుగుతూ వేటాడుతుంది, గుడ్ల మూటను వెంట మోసుకుపోతుంది. మూట విచ్చేదాకా ఆగమని అత్తను బతిమాలాను.

కొన్నాళ్లకు మూట విచ్చింది. పిల్లలన్నీ తల్లి వీపు మీదికెక్కాయి. అత్త చాలాసేపు చూసింది.

"గుడ్లే అనుకో. ఊరంత జాగ ఉండంగ మా తట్ట కిందికే ఎవలు పంపిన్రు?"

నలుగురిని పిలవడం మాత్రం మానుకుంది. పక్కింటి మంచినీళ్లు ఇప్పటికీ ముట్టదు.