చెవిలో చెప్పాల్సిన పేరు

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. నిడదవోలు స్టేషన్లో మూటలు మోస్తూ, ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఉన్న ఊరి పేరు చూసి అక్షరాలు పట్టుకున్నాను. ఆ తర్వాత మా వీధిలో ఏ ఇంట బారసాల అయినా నాకు కబురొచ్చేది. పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో బిడ్డ పేరు రాయాలి కదా, రాయడం రాని తండ్రుల చెయ్యి పట్టుకుని నేను రాయించేవాణ్ణి. తాత పేరో, మామ్మ పేరో, ఇలవేల్పు పేరో. ఒక్కరూ ఒక అక్షరం తుంచమనలేదు.

మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నన్ను ఒక్కటే అడిగింది. "మనవడికి ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టించండి. ఇప్పటి కోడళ్ళకి పట్టింపులు లేవు, నోరారా పిలుస్తారు." ఆవిడ బాధ నాకు తెలుసు. మా కూతురికి మా అమ్మ పేరు పెడితే, అత్తగారి పేరు పలకకూడదని ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ పిల్లని 'చిట్టీ' అనే పిలిచింది. పెట్టిస్తానని మాటిచ్చాను.

మొన్న మనవడి కూతురికి బారసాల చేశారు. మనవడిది భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. బియ్యంలో వాడు రాసింది ఇంగ్లీషులో. కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కున్నాను.

"ఇదేంట్రా, మీ మామ్మ పేరేది?"

"అదే తాతయ్యా ఇది. మొదటి రెండక్షరాలు మామ్మవే. చివర మార్చాం. ఆ పేరు ఒక్కో దేశంలో ఒక్కోలా రాస్తున్నారు, ఫోన్ పదకొండు రకాలు చూపించింది. ఇలా రాస్తే ఎక్కడైనా నోరు తిరుగుతుంది."

"ఇరవై ఒక్క రోజుల పిల్ల ఏ దేశం పోతుందిరా? ముందు ఈ ఇంట్లో నోరు తిప్పండి."

మనవడి పెళ్ళాం పిల్లని ఒళ్ళో సర్దుకుంటూ నెమ్మదిగా అంది.

"కోప్పడకండి తాతయ్యగారూ. ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. ఆవిడ పేరు మీ నోట ఒక్కసారి కూడా వినలేదండి. ఆధార్‌లో ఒకలా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంది. ఏది అసలుదని ఈయన ఫోన్ చేస్తే, 'మామ్మ పేరు తెలీదుట్రా వెధవా' అని తిట్టి పెట్టేశారు గానీ, చెప్పలేదు కదండీ."

ఆ పిల్ల అన్నది నిజం. ఆ రోజు ఫోన్లో పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గో, అలవాటో తెలియదు, తిట్టు బయటికొచ్చింది గానీ పేరు రాలేదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ పొయ్యి దగ్గరున్నా దొడ్లో ఉన్నా నేను 'ఇదిగో' అనేవాణ్ణి, ఆవిడ పలికేది. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ణి మా రోజుల్లో ఆడంగివాడనేవారు. ఊళ్ళో అందరి పేర్లూ రాయించాను. ఆవిడ పేరు ఏనాడూ పలకలేదు.

మాట మళ్ళించడానికి కాబోలు పంతులుగారు, "పెద్దవారు మీరేనండి. రండి, పిల్ల చెవిలో మూడుసార్లు పేరు చెప్పండి" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. బియ్యంలో ఏం రాసుకుంటే నాకేం, చెవిలో ఆవిడ పేరే చెబుతాను, నాలుగక్షరాలూ చెబుతాను అనుకున్నాను. వంగాను. పాల వాసన. చిన్న చెవి, ఎర్రగా, తమలపాకు చిగురులా ఉంది. పెదాలు కదిపాను. మళ్ళీ కదిపాను.

"ఇదిగో" అన్నాను.

పిల్ల కళ్ళు విప్పింది. మిగతా రెండుసార్లూ అదే అన్నాను. ఇంకేదీ రాలేదు.

లేచేసరికి మనవడు నా మోచెయ్యి పట్టుకుని, భయంభయంగా అడిగాడు. "ఏ పేరు చెప్పావు తాతయ్యా?"

"మీరు పెట్టిందేరా" అన్నాను.

వాడి మొహం తేలికపడింది. పంతులుగారు పళ్ళెం ఎత్తి బియ్యాన్ని సంచిలో పోసుకున్నారు. ఆవిడ పేరు ఇక్కడైనా రాద్దామని ఈ కాగితం పట్టుకున్నాను. ఇంతదాకా వచ్చాను, చెయ్యి రావడం లేదు.