ఆటో ఎక్కనివ్వని రోజు

మా నాట్ల గుంపులో పన్నెండు మందిమి. బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఎకరాల లెక్కన గుత్తకు మాట్లాడుకుని నాట్లు వేస్తాం. నేను మూడో తరగతి దాటలేదు. అయినా గుంపుకు పెద్దను నేనే. ఎవరిని తీసుకోవాలన్నా, ఎవరిని మానిపించాలన్నా నా మాటే.

పొలంలో దిగాక వరుసగా నిలబడి, ఎవరి వాటా వాళ్ళం నాటుకుంటూ వెనక్కి జరుగుతాం. ఆ వాటాను మునుం అంటాం. మనిషిని అంచనా వేయడానికి నాకు ఒకటే గుర్తు, ఎవరు ముందు మునుం ముగించి గట్టెక్కారన్నది. నేను నడుం ఎత్తేదే గట్టు చేరాక. అప్పటికి ఇంకా బురదలో ఉన్నవాళ్ళు నా కంటికి బద్ధకస్తులు.

మా వాడకట్టు కోడలు ఒకామె రోజూ అందరికన్నా వెనుక గట్టెక్కేది.

"ఏందే, బురదల కాళ్ళకు ఏర్లు దిగినయా?" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఎదురు చెప్పలేదు కాబట్టి నేనన్నదే నిజమనుకున్నాను.

పోయిన వానాకాలం, ఒక పొద్దున అందరూ ఆటోలో కూర్చున్నాక ఆమె సద్దిగిన్నెతో ఎక్కబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇంటికి పో. మంది చేతుల మీద బతుకుడు ఎన్నొద్దులు?"

ఆమె ముఖం చిన్నబోయింది. "నాట్లప్పుడు గాక ఇంకెప్పుడు దొరుకుతది అత్తమ్మ నాకు పని?" అంది. నేను డ్రైవర్ వైపు తిరిగాను. ఆమె మళ్ళీ, "పెద్దవ్వ పక్కకు నారుకట్టలు జర దగ్గర పెట్టున్రి," అంది. పెద్దవ్వంటే మాలో అందరికంటే వయసు మీదపడిన మనిషి. పని చేతగానిది నాకు పని చెబుతున్నదా అని, ఆటో పోనిమ్మన్నాను.

ఆ రోజు మధ్యాహ్నానికే వరుస చెదిరింది. చురుకైనవాళ్ళం గట్టెక్కి కూర్చున్నాం. నడుమ పెద్దవ్వ మునుం, ఆమె పక్కన నెలలు నిండుతున్న పిల్ల మునుం సగం కూడా కాలేదు. పొద్దుగూకేసరికి అరెకరం మిగిలిపోయింది. పీకిన నారు కట్టలకు కట్టలు వాడిపోయింది. ఒక్క పోచ పారేసినా ఊరుకోని దాన్ని నేను.

"ఏందవ్వా, నీ గుంపు గింతేనా?" అన్నాడు పొలం ఆసామి నాతో.

కాలువలో చేతులు కడుక్కుంటూ పెద్దవ్వ చెప్పింది. "రోజు నా మునుంల సగం నువ్వు పొద్దున పొమ్మన్న పిల్లనే ఏస్తుండె. నాది, ఈ నిండు నెలల పిల్లది అయినంకనే దానిది చూసుకునేది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నన్ను తీసేస్తువు గద."

తీసేసేదాన్నే. మిగతావాళ్ళ ముఖాలు చూశాను. అందరికీ తెలుసు. తెలియంది నాకొక్కదానికే. గుంపును నేను నడిపిస్తున్నానని ఇన్నేళ్ళు అనుకున్నాను.

ఊరికి రాగానే, కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా ఆమె ఇంటికి పోయాను. కుర్చీ వేసింది. నిలబడే, "రేపు రా," అన్నాను.

"ఆటో కాడ అందరి ముందట పొమ్మన్నవు అత్తమ్మ. ఆడనే పిలువు, వస్త," అంది. గొంతు పెంచలేదు.

తెల్లవారి వచ్చింది. "ఎక్కు," అన్నాను. ఎక్కలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. "తప్పు నాదే బిడ్డా," అన్నాను, నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఆమెకు వినపడింది. ఎక్కింది.

"ఏమన్నవవ్వా?" అని లోపలి నుంచి ఎవరో అడిగారు.

"ఏం లేదు. పోనియ్యి," అన్నాను.

ఇప్పుడు కొత్తవాళ్ళు వస్తే పెద్దవ్వ పక్కన నిలబెడతాను. ఎవరి చెయ్యి పక్క మునుంలోకి పోతుందో తల ఎత్తి చూస్తాను. పోనివాళ్ళను ఆ కోడలి పక్కకు మారుస్తాను, రెండు వారాల్లో వాళ్ళకూ అలవాటవుతుంది. మా గుంపు కావాలని జనగామ దాకా అడుగుతున్నారు. గిట్ల మనుషులను ఎట్ల తయారు చేస్తవవ్వా అని ఆసాములు అడిగితే, నా అనుభవం అని చెబుతున్నాను. ఆ కోడలు అక్కడే, నారుకట్ట విప్పుతూ వింటూ ఉంటుంది.