రిజిస్టరులో ఇద్దరు రెడ్డెమ్మలు

1944, మాఘమాసం. అప్పట్లో నేను మదనపల్లె రేంజిలో వ్యాక్సినేటర్ని, అంటే ఊరూరా తిరిగి మశూచికి టీకాలు వేసేవాణ్ణి. జనం నన్ను టీకాల అయ్యోరు అనేవాళ్లు. అంతకుముందు కుప్పంలో రెండేళ్లు, పుంగనూరులో ఒక ఏడాది చేశాను. ఈ మూడు చోట్లా కలిపి లక్ష చేతులకు టీకాలు వేశానని మా ఇంట్లో పిల్లలకు చెబుతుంటాను. లక్ష కాదు. లెక్క పెట్టలేదు గానీ అందులో పదోవంతు కూడా ఉండదు. అయితే ఒక సంగతి మాత్రం పెంచి చెప్పడం లేదు. ఆ చేతులన్నిటికీ కలిపి పేర్లు ఇరవై ముప్పైకి మించవు.

కుప్పంలో వీధి మధ్య నిలబడి "మునుసామీ" అని పిలిస్తే నలుగురు తండ్రులు, ఆరుగురు పిల్లలు తిరిగి చూసేవాళ్లు. పుంగనూరులో వెంకటరమణలు, మునెప్పలు. మదనపల్లె నుంచి వాయల్పాడు దోవ పడితే ఇక అన్నీ రెడ్డెప్పలు, రెడ్డెమ్మలే. గుర్రంకొండ పక్కన కొండమీద రెడ్డెమ్మ తల్లి ఉంది. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరతో ఆమె ముందు సాగిలపడి మొక్కుకుంటారు. బిడ్డ పుడితే ఆ తల్లి పేరే. మొక్కుకోకుండా పుట్టిన బిడ్డకు కూడా ముందుజాగ్రత్తగా ఆ తల్లి పేరే. మిషన్ ఆస్పత్రి చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో మాత్రం ఒక లిల్లీ, ఒక గ్రేసమ్మ, ఒక సాలమన్ దొరికేవాళ్లు. ఆ వీధిలో పని పడిన రోజు నాకు పండగ.

ఇప్పటివాళ్లు ఎవరికీ లేని పేరు కావాలని పుస్తకాలు తిరగేస్తుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో అలాంటి పేరు కోసం నేను ఒకసారి కొట్లాడాను. ఆ బిడ్డ నాది కాదు. నాకు అప్పటికి పెళ్లి కూడా కాలేదు.

మా పని సంగతి కాస్త చెప్పాలి. టీకామందును లింఫ్ అంటారు. సన్నని గాజు గొట్టాల్లో మద్రాసు నుంచి వచ్చేది. ఎండ తగిలితే చచ్చిపోతుంది కాబట్టి తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలో పెట్టి మోసేవాళ్లం. బిడ్డ జబ్బ మీద ఒక చుక్క వేసి, లాన్సెట్ అనే పళ్లున్న చిన్న బిళ్లతో అక్కడే గీరుతాం. ఎనిమిదో రోజు మళ్లీ పోయి చూస్తాం. బొబ్బ పొంగితే టీకా పట్టినట్టు. దాన్ని టేక్ అంటాం. రిజిస్టరులో బిడ్డ పేరు, తండ్రి పేరు రాసి, ఎదురుగా టేక్ అని రాస్తే ఆ బిడ్డకు కొన్నేళ్లదాకా భయం లేదని అర్థం. పైనుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేది బిడ్డను కాదు, ఆ గడినే.

వాయల్పాడు దోవలో ఒక చిన్న పల్లె. పేరు రాయను, వాళ్ల మనవళ్లు ఉంటారు. పక్కపక్కనే రెండిళ్లు, మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. రెండిళ్లలోనూ ఏడాది నిండని ఆడబిడ్డలు. ఇద్దరూ రెడ్డెమ్మలే, ఇద్దరి తండ్రులూ రెడ్డెప్పలే. ఒక బిడ్డ తల్లి లచ్చుమమ్మ. ఆమె నవ్వుతూనే బిడ్డను తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నొప్పి జాస్తి అయితాదా సామీ?" అంది.

"నీకేం కాదులేమ్మా" అన్నాను. ఎడమ జబ్బ మీద రెండు చోట్ల వేశాను.

రెండో ఇంటి గడపలో అత్త గంగులమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. కోడలు నాగమ్మ కనిపించలేదు.

"మా పాపకు ఏసేసినారు గదప్పా. పోయిన ఆదివారం, మదనపల్లి ఆస్పత్రిలో."

"అయితే చెయ్యి చూపించు."

"వాళ్లమ్మ ఎత్తకపోయిండాది పుట్టింటికి. రామసముద్రం."

"ఎప్పుడొస్తుంది?"

"నువ్వు మళ్లా వచ్చేలోగా వస్తాదిలే. యాల అంత తొందర? పాప యాడికీ పోదు."

ఎనిమిదో రోజు పోయాను. లచ్చుమమ్మ బిడ్డకు రెండు బొబ్బలు ముత్యాల్లా పొంగాయి. టేక్ అని రాసుకుని, గొంతు తడుపుకుని పక్కింటికి పోయాను. గంగులమ్మ లోపలినుంచి ఒక బిడ్డను తలనిండా గుడ్డ కప్పి తెచ్చింది. చెయ్యి మాత్రం బయటికి పెట్టింది. రెండు బొబ్బలు. మళ్లీ టేక్ అని రాశాను. రెడ్డెప్ప కూతురు రెడ్డెమ్మ, రెడ్డెప్ప కూతురు రెడ్డెమ్మ, ఒకదాని కింద ఒకటి. అలా నన్ను ఆ ముసలామె మోసం చేసింది.

నెల తిరిగేసరికి ఆ పల్లెలో సంతకు పోయివచ్చిన ఒకాయనకు అమ్మవారు, అంటే మశూచి, పోసింది. అతని ఇల్లు ఈ రెండిళ్లకు నాలుగు గుమ్మాల అవతల. కబురు అందగానే కుండ ఎత్తుకుని పోయాను. వీధి మొదట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. నాగమ్మ తన గడపలో నిలబడి ఉంది, చంకలో బిడ్డ. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉండే మనిషి. బిడ్డ ఎడమ జబ్బ చూశాను. నున్నగా ఉంది. కుడి జబ్బా అంతే.

"ఈ పాప ఎవరు?"

"మా పాపే సామీ. రెడ్డెమ్మ."

"నేను చూసిన రెడ్డెమ్మకు రెండు బొబ్బలు ఉన్నాయే?"

నాగమ్మ తలదించుకుంది. జవాబు లోపలినుంచి అత్త చెప్పింది. "అది లచ్చుమమ్మ పాపప్పా. నువ్వు ఈదిలోనుంచి వచ్చేలోపల గోడమీంద అందుకున్న్యాము. తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డ. దానికి నువ్వు గాటు పెడితే మా పాణం ఒప్పుకోలా."

ఆ రోజు నేను చేసిన ప్రసంగానికి ఊరంతా సిగ్గుతో తలవంచుకుందని చాలామందికి చెప్పాను. ఎవరూ వంచుకోలేదు. లచ్చుమమ్మ అయితే గోడకు ఆనుకుని వక్కాకు నములుతూ వింది. నా కోపం మాత్రం నిజం.

"ఇద్దరు పిల్లలకు ఒకే పేరు, ఇద్దరి నాయనలకు ఒకే పేరు. గోడమీద బిడ్డల్ని మార్చుకుంటాండారు. మీకు పేర్లకు కరువొచ్చిందా? అంతా ఈ పేరు వల్లనే వచ్చింది. ముందు ఈ పాపకు వేరే పేరు పెట్టండి. వాసంతి అని పెట్టండి. ఈ తాలూకాలోనే ఎవరికీ లేదు."

"వాసంతి అంటే యా దేవరప్పా?" అంది గంగులమ్మ.

"దేవర కాదు. వసంతకాలం."

"అంటే ఎండాకాలమా? బిడ్డకు ఎండాకాలం పేరు పెట్టమంటాండావా?"

లచ్చుమమ్మ కిసుక్కున నవ్వింది. గంగులమ్మ మాత్రం నవ్వలేదు. గడప దిగి నా ముందుకు వచ్చింది.

"సూడు సామీ. తొమ్మిదేండ్లు ఆ కొండ ఎక్కి దిగింది ఈ పిల్ల. పెండ్లిండ్లకు పిలిస్తే పోలా. ఎవురి బిడ్డనూ ఎత్తుకోలా, దిష్టి అంటారని. ఆ తల్లి పేరు పెడతామని మాటిచ్చి తెచ్చుకున్న్యాము. ఇప్పుడు అమ్మ మా ఈదిలోకే వచ్చి కూసోనుండాది. ఈ టయానికి ఆ పేరు తీసేమంటావు. ఏమన్నా నాయముండాదా నీకు? టీకా ఎయ్యి, నేను ఒద్దనను. తప్పు నాదే. పేరు జోలికి రాబాక."

నాగమ్మ అప్పటికే బిడ్డ చొక్కా చెయ్యి పైకి మడిచింది. "ఏసెయ్ సామీ. నేను గట్టిగా పట్టుకుంటాను" అంది.

"పేరు మారిస్తేనే వేస్తాను" అన్నాను.

ఇక్కడ ఆగాలి. ఈ కథను నేను చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు నా పక్షమే మాట్లాడారు. ఒకే పేరు పెట్టుకుని ఆఫీసును ఏడిపించే జనం మీద వాళ్లకూ కోపం వచ్చేది. నేను ఆ కోపాన్ని పెంచుతూ పోయేవాణ్ణి. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి, ఉన్నదున్నట్టు రాస్తాను. గంగులమ్మ నన్ను మోసం చేయలేదు. ఎనిమిదో రోజు గుడ్డకింద నుంచి ఆ చెయ్యి బయటికి వచ్చినప్పుడే నాకు తెలిసింది. టీకా వేసినవాడికి తన గాటు తెలియదా? రెండు బొబ్బల్లో కిందిది కాస్త వంకరగా పోయింది, బిడ్డ కదిలినందువల్ల. అయిదు నిమిషాల కింద నేను చూసిన చెయ్యే అది. ఎండ మండుతోంది. ఇంకా రెండు పల్లెలు ఉన్నాయి. ముసలామెతో వాదిస్తే పొద్దు పోతుంది. గడి నిండితే చాలనుకుని రాసేశాను.

మరి నెల తరువాత వేరే పేరు ఎందుకు కావలసివచ్చింది? రెడ్డెప్ప కూతురు రెడ్డెమ్మ ఎదురుగా టేక్ అని నా చేత్తోనే ఉంది, రెండు సార్లు. ఆ బిడ్డకే ఇప్పుడు కొత్తగా టీకా వేసినట్టు రాస్తే పాత గడి అబద్ధమని ఇన్‌స్పెక్టర్‌కు చూడగానే తెలిసిపోతుంది. వాసంతి అనే కొత్త బిడ్డ పుట్టుకొస్తే నా ఉద్యోగానికి ఢోకా లేదు. నేను అడిగిన అందమైన పేరు నా తప్పు మీద కప్పడానికి. తొమ్మిదేళ్ల మొక్కును అందుకోసం వదులుకోమని, లింఫు కుండ చేతిలో పెట్టుకుని, నడివీధిలో అరిచాను.

వాళ్లు ఒప్పుకోలేదు. "ఆలోచించుకోండి, మళ్లీ వస్తాను" అని వెనక్కి తిరిగాను. నాగమ్మ మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించకుండా వీధి చివరిదాకా నా వెంట వచ్చింది. నేను ఆగలేదు. పెద్దమండ్యం వైపు పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఉంది, కానీ ఆగగలిగిన పనే.

నాలుగో రోజు పోయాను. అప్పటికి నా పంతం తగ్గింది, భయం పెరిగింది. పేరు అడగలేదు. టీకా వేసి, పాత గడి కొట్టేసి, కిందే మళ్లీ రెడ్డెప్ప కూతురు రెడ్డెమ్మ అని రాశాను. అమ్మవారు పోసిన ఇంటి దగ్గర ఉన్న బిడ్డకు వెంటనే, రెండు మూడు రోజుల్లోగా టీకా పడితే చాలావరకు తప్పించుకుంటుంది. నాలుగు రోజులంటే చెప్పలేం. ఆ రోజే వేసి ఉంటే తప్పేదా అని తరువాత ఒక డాక్టరుగారిని అడిగాను. "తప్పి ఉండొచ్చు, తప్పకపోయి ఉండొచ్చు" అన్నారాయన. ఆ మాట నాకు ఊరట కలిగించలేదు.

పది రోజులకు ఆ బిడ్డకు పోసింది. బతికింది. నాగమ్మ ఇరవై రోజులు వేపాకు పరుపు పక్కనుంచి లేవలేదట. కొట్టేసిన గడి గురించి ఇన్‌స్పెక్టర్ అడిగితే, పేర్లు ఒకటే కావడం వల్ల పొరపాటు పడ్డానని చెప్పాను. "ఈ జనానికి వేరే పేర్లే దొరకవు" అని ఆయన కూడా విసుక్కుని సంతకం పెట్టారు. నాకు ఒక మెమో కూడా రాలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా నాకు మండేది అక్కడే. అందరికీ సాకుగా దొరికింది ఆ పేరే. ఆ ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ నష్టపోలేదు.

1949లో ఆ పల్లె పక్క ఊరి బడికి టీకాలు వేయడానికి పోయాను. పంతులు హాజరు పిలుస్తున్నాడు. ఒకటో తరగతిలో నలుగురు రెడ్డెమ్మలు. ఆయన వాళ్లను విడివిడిగానే పిలిచాడు. పొడుగు రెడ్డెమ్మ. పుంగనూరు రెడ్డెమ్మ. గోడపక్క రెడ్డెమ్మ. మచ్చల రెడ్డెమ్మ. చివరి పేరుకు ఒక పాప లేచి "ఉండాను సార్" అంది, మామూలుగా, అది తన పేరే అన్నట్టు. ముఖమంతా గుంటలు. వరసలో తన వంతు వచ్చినప్పుడు చెయ్యి చాపింది.

మశూచి వచ్చి తగ్గినవాళ్లకు టీకా అవసరం లేదు. వాళ్లకోసం రిజిస్టరులో ఒక మాట ఉంది. ప్రొటెక్టెడ్, అంటే రక్షణ పొందినవాళ్లు. ఆ పాప చెయ్యి కిందికి దించమని చెప్పి, ఆ మాట రాశాను. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ముందు టీకా వేసి, తరువాతే పేరు అడిగేవాణ్ణి. ఒక్కరోజు కూడా తప్పలేదని రాయాలని ఉంది. తప్పిన రోజులు ఉన్నాయి. కానీ వాటిలో ఏ రోజూ గడి నింపి బిడ్డను వదిలేసి రాలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.