ఎర్రమ్మ నాలిక మీద మెత్తని గెడ్డ

చోడవరం పక్కన ఓ పల్లెలో ఊడ్పులప్పుడు పాట ఎత్తేది ఎర్రమ్మే. మడిలో వంగి నారు నాటుతూ ఆమె ఒక వరస వదిలితే, పక్కనున్న ఆడవాళ్ళంతా దాన్ని అందుకునేవారు. పని అయ్యాక గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించేది. ఆ చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్ళలాగే ఆమెదీ అడ్డపొగ. నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టి పీల్చడం.

తొంభై ఒకటిలోనో రెండులోనో నాలిక ఎడమ అంచున చింతపిక్కంత బొడిపె తగిలింది. నొప్పి లేదు. పంటితో నొక్కితే తాటిముంజిలా మెత్తగా వంగి మళ్ళీ లేచేది. ఎవరికీ చెప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చుని దాన్ని పంటికి రాస్తూ ఎక్కడో ఆలోచనలో ఉండిపోయేది.

మూడేళ్ళకి అది ఉసిరికాయంత అయ్యింది. మాట ముద్దగా వచ్చేది. ఓ ఆషాఢంలో పాట మధ్యలో నాలిక అడ్డం తిరిగింది. అందరూ వంగినవాళ్ళు వంగినట్టే ఎదురుచూశారు. ఎర్రమ్మ తోడికోడలు మంగాయమ్మకి పాట అందుకోమని చేత్తో సైగ చేసి, తను వరస చివరికి వెళ్ళిపోయింది.

అత్త అచ్చియ్యమ్మ నోట్లో పుండు పడే పోయింది. తనకీ అదే వచ్చిందనుకుంది ఎర్రమ్మ. చిత్రం, భయం వెయ్యలేదు. ఆ చలికాలం చూసినవన్నీ కొత్తగా కనిపించేవి. చెరకు తోటల మీద మంచు పాలమీగడలా పేరుకునేది. తెల్లటి చెరకు పూలు గాలికి ఊగుతుంటే ఆ ఊపులో తనూ తేలిపోతున్నట్టుండేది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే తీపి వాసనకి కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయేది.

గాజువాకలో కాపురముంటున్న చెల్లెలి కూతురు రూపాదేవి చూడ్డానికొచ్చి, పెద్దమ్మ అన్నం ఒకవైపే నమలడం గమనించింది. బలవంతాన నోరు తెరిపించి చూసింది. మర్నాడే బస్సెక్కించి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ ఖమర్ జహాన్ అనే డాక్టరమ్మ వేలితో గెడ్డని మెల్లగా నొక్కి చూసింది.

"ఇది కొవ్వు గెడ్డలా ఉందమ్మా. ఒంటి మీద చాలామందికి వస్తుంది గానీ నాలిక మీద రావడం అరుదు. తీసేసి పరీక్షకి పంపుతాను."

"సుట్ట వల్ల కాదా?"

"ఇది కాదు. కానీ మీ అంగిలి తెల్లబడి గరుకెక్కిపోయింది. భయపడాల్సింది దానికి."

ఇంజెక్షన్ ఇచ్చాక సగం మొహం తనది కాకుండా పోయింది. కిటికీలోంచి పడ్డ వెలుగు మడిలో నీళ్ళలా కదిలింది. ఎర్రమ్మకి తను గట్టిగా పాడుతున్నట్టే అనిపించింది. కుట్లు వేశాక డాక్టరమ్మ చిన్న సీసా చూపించింది. మందునీళ్ళలో మునగకుండా పైన తేలుతోంది పసుపుపచ్చని ముద్ద, వెన్నపూసలాగ. ఎర్రమ్మ దానికేసి చాలాసేపు చూసింది.

వారం పోయాక వచ్చిన రిపోర్టులోనూ వట్టి కొవ్వే అని ఉంది. చల్లారిన గంజి తాగుతూ కొన్నాళ్ళు గడిపింది. చుట్ట మానడం దానికన్నా కష్టమైంది. చెయ్యి ఊరికే బొడ్డు దగ్గర చుట్ట దోపుకునే మడతలోకి పోయి వెతుక్కునేది. మరుసటి ఊడ్పులకి మళ్ళీ పాట ఎత్తింది.

ఆ ఏడే ఓ పొద్దున మంగాయమ్మ వచ్చి, కారం తగిలితే అంగిలి మండిపోతోందని మెల్లగా చెప్పింది. ఎర్రమ్మ ఆమెని వాకిట్లో ఎండకి నిలబెట్టి నోట్లోకి తొంగి చూసింది. తెల్లటి మచ్చ మధ్యలో ఎర్రగా పుండు.

ఇద్దరూ విశాఖ బస్సెక్కారు. మంగాయమ్మ ఆమె చీరకొంగు పట్టుకుని వదల్లేదు.

"అక్కా, అక్కడ ఏటి సేస్తారే?"

"నోరు తెరవమంటారు. తెరువు. నానుంటాను కదా."

పుండు ముదరకముందే తెచ్చారని డాక్టరమ్మ అంది. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి ఎర్రమ్మ పల్లెలో నోట్లో మచ్చ కనిపించిన ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని విశాఖ వెళ్ళేది. మంచు విడని పొద్దున్న బస్సు కోసం రోడ్డు పక్కన ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉంటే, అందులో ఒకరు ఎర్రమ్మేనని తెలిసిపోయేది.